మేనకోడలి పిస్టల్‌కి స్పేర్ మ్యాగజైన్లు: ఒక ఏడాది ప్రాజెక్టు డైరీ

జనవరి, కనుమ దాటాక

ముందు పనేమిటో రాసుకుంటాను. మా అక్క కూతురు 25 మీటర్ల పిస్టల్ షూటర్. తన పిస్టల్ పాయింట్ టూటూ, అంటే .22 అంగుళం రకం, యూరప్‌లో తయారైంది. మ్యాగజైన్, అంటే రౌండ్లు (తూటాలు) నింపి పెట్టే డబ్బా, ట్రిగ్గర్ గార్డుకి ముందు వైపున, కింది నుంచి ఎక్కుతుంది. కొన్నప్పుడు పెట్టెలో రెండు మ్యాగజైన్లు వచ్చాయి. వాటిలో ఏదో ఒకటి కొన్నాళ్ళుగా సిరీస్ మధ్యలో పట్టేస్తోంది. సైన్యంలో మరమ్మతులు చూసే ఈఎంఈ విభాగంలో ఆర్మరర్‌గా, అంటే ఆయుధాలు బాగుచేసే పనిలో చేసి రిటైరయ్యాక విజయనగరం వచ్చేశాను. ఇంట్లో ఈ సంగతులు తెలిసినవాణ్ని నేనే. నమ్మకమైన స్పేర్లు వెతకడం, పరీక్షించడం, ఏవి మ్యాచ్ పెట్టెలోకి వెళ్ళాలో తేల్చడం ఈ ఏడాది నా పని.

ఒక్క జామ్‌కి ఇంత హైరానా ఎందుకని మా బావ అడిగాడు. ఆయనకి చెప్పిందే ఇక్కడా రాస్తున్నాను. ఈ మ్యాచ్‌లో 60 షాట్లు. మొదటి 30 ప్రెసిషన్. ఐదేసి షాట్ల సిరీస్‌లు, ఒక్కో సిరీస్‌కి ఐదు నిమిషాలు. అక్కడ చిన్న తేడా వచ్చినా ఊపిరి తీసుకోవడానికి టైముంటుంది. రెండో 30 ర్యాపిడ్. ఏడు సెకన్లు ఎర్ర లైటు, మూడు సెకన్లు పచ్చ లైటు. ఆ మూడు సెకన్లలో కిందికి దించిన చెయ్యి పైకెత్తి, గురి కుదుర్చుకుని, ఒకే ఒక్క షాట్ కొట్టాలి. అలా ఐదు సార్లు కొడితే ఒక సిరీస్. మూడో షాట్ దగ్గర బోల్ట్, అంటే వెనక్కీ ముందుకీ కదిలి రౌండుని లోపలికి తోసే భాగం, సగంలో ఆగిపోయిందంటే, నాలుగు నెలల ప్రాక్టీసు ఆ సగంలోనే ఆగిపోయినట్టు.

దీనికి రూల్ ఉంది. పిస్టల్‌ని టార్గెట్ వైపే ఉంచి, రెండో చెయ్యి ఎత్తాలి. ఆఫీసర్ వచ్చి చూస్తాడు. షూటర్ వల్ల కాదని తేలితే లెక్క సరిచేసుకునే అవకాశం ఇస్తారు. లోడ్ చేయడం మరిచిపోతేనో, షూటర్ తనే సరిచేసుకోగలిగిన కారణంతో ఆగితేనో ఆ అవకాశం లేదు, కొట్టని షాట్లన్నీ సున్నాలే. అవకాశం వచ్చినా కుదిరిన లయ చెదిరిపోతుంది. 2021 జూలైలో టోక్యో ఒలింపిక్స్‌లో మను భాకర్‌కి 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ క్వాలిఫికేషన్ మధ్యలో పిస్టల్ మొరాయించింది. బాగు చేయించుకుని వచ్చేసరికి చాలా నిమిషాలు పోయాయి. ఫైనల్‌కి కొద్దిలో తప్పిపోయింది. అదే అమ్మాయి 2024లో పారిస్‌లో అదే ఈవెంట్‌లో కాంస్యం తెచ్చింది. చేతిలో ఉన్న ఆట అదే, అప్పుడు సామాను సహకరించలేదు. మా పిల్లకి ఈ కథ చెప్పక్కర్లేదు, ఆ రోజు టీవీ ముందే కూర్చుని ఏడ్చింది.

ఇంకో సంగతి కూడా మొదట్లోనే రాసి పెట్టుకుంటాను. లైసెన్సు తన పేరు మీదుంది. పిస్టల్ బీరువాలోంచి బయటికొచ్చేది తను ఎదురుగా ఉన్నప్పుడే. 1959 ఆయుధ చట్టంలో ఆయుధం అంటే విడిభాగాలు కూడా అని ఉంది. కాబట్టి మ్యాగజైన్ అంటే సెల్‌ఫోన్ కవరు కొన్నట్టు ఎవరి దగ్గరపడితే వాళ్ళ దగ్గర కొనేది కాదు.

ఫిబ్రవరి

"మావయ్యా, మళ్ళీ నాలుగోదానికే పట్టేసింది."

"ఏ మ్యాగజైన్ అమ్మా?"

"ఏటో, సూడలేదు. రెండూ ఒక్కలాగే ఉంటాయి కదా."

అందుకే మొదటి పని నంబర్లు. మ్యాగజైన్ అడుగు ప్లేటు మీద తెల్ల ఎనామిల్ పెయింటుతో ఒకదానికి 1, ఇంకోదానికి 2 వేశాను. నాలుగు రూపాయల పని. ఈ నంబరు లేకుండా ఎంత తెలివిగా పరీక్షించినా ఆ లెక్క దేనిదో తెలీదు. ఒక నోటుపుస్తకంలో గళ్ళు గీసి ఇచ్చాను: తేదీ, మ్యాగజైన్ నంబరు, రౌండ్ల లాట్ నంబరు, ఎన్నో రౌండుకి ఆగింది, ఎలా ఆగింది. ఆఖరి గడిలో మాటల్లో రాయకపోయినా ఫరవాలేదు, జామ్ అయినప్పుడు బోల్ట్ ఎక్కడుందో, రౌండు ముక్కు ఎటుందో బొమ్మ గీస్తే చాలు.

ఆ బొమ్మలోనే సగం జవాబుంటుంది. రౌండు కిందే ఉండిపోయి బోల్ట్ దాని మీదుగా వెళ్ళిపోతే, లేదా రౌండు నడుం మీద గుద్దుకుని ఆగితే, రౌండు సమయానికి పైకి రాలేదన్నమాట. స్ప్రింగ్ నీరసపడి ఉండాలి, లేదా లోపల మురికి ఫాలోవర్ని, అంటే స్ప్రింగ్ మీద కూర్చుని రౌండ్లని పైకి నెట్టే పలకని, పట్టి ఉండాలి. రౌండు ముందే లేచిపోయి ముక్కు పైకి పెట్టి నిలబడితే, పైన దాన్ని పట్టి ఉంచే రెండు అంచులు, అంటే లిప్స్, విచ్చుకున్నాయేమో చూడాలి. రెండు మ్యాగజైన్లతోనూ ఒకేలా ఆగుతుంటే అది మ్యాగజైన్ తగువు కాదు, ఎక్స్‌ట్రాక్టర్నో (పేలిన కేసుని బయటికి లాగే కొక్కెం) చాంబర్నో (రౌండు పేలే గది) రౌండ్లనో అనుమానించాలి.

పాయింట్ టూటూ రౌండుకి ఇంకో చిక్కుంది. దాని మడమ చుట్టూ అంచు బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది, మందు అంటించే మసాలా ఆ అంచులోనే ఉంటుంది. కేసు, అంటే మందుండే లోహపు గొట్టం, ఒళ్ళు సుమారు 5.7 మిల్లీమీటర్లుంటే అంచు వెడల్పు 7. ఇలాంటివి ఒకదాని మీద ఒకటి పేర్చినప్పుడు పై రౌండు అంచు కింది రౌండు అంచుకి ముందుండాలి, పెంకుటింటి కప్పు మీద పెంకులు వరసగా ఒరిగినట్టు. పైదాని అంచు కిందిదాని వెనక్కి జారిందా, బోల్ట్ ఎంత తోసినా అది కదలదు. అందుకని నింపేటప్పుడు ఒక్కో రౌండునీ వెనక గోడకి తగిలేదాకా జరిపి, నింపాక పక్క నుంచి చూసి పిస్టల్‌లో పెట్టమని పిల్లకి నేర్పాను. మ్యాచ్‌లో ఆఫీసర్ 'లోడ్' అన్నాక నిమిషం టైముంటుంది. ఈ చూపుకి రెండు సెకన్లు చాలు.

నెలాఖరుకి పుస్తకంలో తేలింది: జామ్‌లన్నీ 2 నంబరువే. ఎక్కువగా నాలుగు, ఐదు రౌండ్ల దగ్గర. బొమ్మలన్నింట్లోనూ రౌండు కిందే ఉంది.

మార్చి

ఈ నెలంతా డైనింగ్ టేబుల్ మీదే గడిచింది. ఉన్న రెండింటినీ విప్పి, నైలాన్ బ్రష్‌తో తోమి, పాత నూలు బట్టతో తుడిచాను. 2 నంబరు లోపలి గోడకి నల్లటి జిడ్డు పట్టి ఉంది. పాయింట్ టూటూ బుల్లెట్ సీసంతో చేసింది, పైన మైనం పూత ఉంటుంది. ఆ మైనం, కాలిన మందు మసి కలిసి గట్టిపడతాయి. మన ఉక్కపోతకి అది మెత్తబడి ఫాలోవర్ పక్కలకి అంటుకుంటుంది. (సీసం విషయంలో మాత్రం గట్టిగా చెబుతాను. మ్యాగజైన్ ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడగకుండా అన్నం దగ్గర కూర్చోకూడదు. ఆ బ్రష్షూ బట్టా వంటింటి వైపు రాకూడదు.)

శుభ్రం చేశాక 2 నంబరు ఫాలోవర్ హాయిగా జారుతోంది. కానీ పుల్లతో నొక్కి వదిలితే 1 నంబరు టక్‌మని పైకొస్తోంది, 2 నంబరు వస్తోంది గానీ ఆ చప్పుడు లేదు. చెవికి తెలిసింది కాగితం మీద పెట్టడానికి మా ఆవిడని బతిమాలి వంటింటి డిజిటల్ కాటా తెచ్చుకున్నాను. పద్ధతి ఇది. ఖాళీ మ్యాగజైన్‌ని కాటా మీద నిటారుగా నిలబెట్టి బరువుని సున్నా చేయాలి. ఐస్‌క్రీమ్ పుల్ల మీద పెన్నుతో రెండు గీతలు: ఒకటి మ్యాగజైన్‌లో ఒక్క రౌండున్నప్పుడు ఫాలోవర్ దిగే లోతు, రెండోది ఐదు రౌండ్ల లోతు. పుల్లతో మెల్లగా నొక్కుతూ గీత లిప్స్ సమానానికి రాగానే కాటా మీద గ్రాములు చదవాలి. చెయ్యి వణికితే అంకె మారుతుంది, అందుకని చాలా సార్లు నొక్కి మధ్య విలువ తీసుకున్నాను.

ఐదు రౌండ్ల లోతులో రెండింటికీ పెద్ద తేడా లేదు. ఒక్క రౌండు లోతులో మాత్రం 2 నంబరు బలం 1 నంబరుకన్నా దాదాపు మూడో వంతు తక్కువ. స్ప్రింగ్ బాగా నొక్కుకుని ఉన్నప్పుడు దాని నీరసం బయటపడదు, ఆఖరి రౌండ్లని లేపాల్సి వచ్చినప్పుడే పడుతుంది. పుస్తకంలో నాలుగు, ఐదు అని రాసి ఉన్నది ఇదే.

తరవాత వెర్నియర్. లిప్స్ మధ్య ఖాళీని ముందు, మధ్య, వెనక మూడు చోట్ల కొలిచాను. చేతి వెర్నియర్ తెరమీద నూరో వంతు మిల్లీమీటరు చూపిస్తుంది కానీ ఆ ఆఖరి అంకెని నేను నమ్మను, పదో వంతు తేడా ఉంటేనే లెక్కలోకి తీసుకుంటాను. 2 నంబరుకి ఎడమ అంచు ముందు భాగంలో ఆ పాటి తేడా ఉంది. ఎప్పుడో కింద పడి ఉంటుంది.

"నువ్వు ఆర్మరర్‌వి కదా, ప్లైయర్‌తో వంచేయలేవా?" అన్నాడు బావ. వంచగలను. వంచను. ఆ అంచు ఒకసారి విచ్చుకుని, ఒకసారి వంగితే ఇక ముందు ఎప్పుడు జరుగుతుందో ఎవరూ చెప్పలేరు. ప్లైయర్ చూసిన మ్యాగజైన్‌ని చేతిలో పెట్టుకుని ర్యాపిడ్ స్టేజ్‌లో నిలబడమని పిల్లకి నేను చెప్పను. 2 నంబరుకి ఎర్ర టేపు చుట్టాను. ఇక అది డమ్మీలతో, అంటే పేలని ఉత్తుత్తి రౌండ్లతో, చేసే ప్రాక్టీసుకే.

ఏప్రిల్, మే

వెతుకులాట. మూడు రకాలు ఎదురయ్యాయి.

మొదటిది, ఆట మానేసిన ఒక షూటర్ దగ్గరున్న పాతవి. మనిషి మంచివాడు, ధర తక్కువ. కానీ అది అదే మోడల్ పిస్టల్ పాత వెర్షన్ది. ఫొటో తెప్పించుకుని 1 నంబరు పక్కన పెట్టి చూస్తే క్యాచ్, అంటే మ్యాగజైన్‌ని పిస్టల్‌లో నిలిపి ఉంచే కొక్కెం, పట్టే గాడి ఎత్తు తేడాగా ఉంది. ఆ గాడి అర మిల్లీమీటరు అటూఇటూ అయినా మ్యాగజైన్ కిందికో పైకో నిలబడుతుంది, బోల్ట్‌కి రౌండు అందే ఎత్తు మారిపోతుంది. మోడల్ పేరు ఒకటే అని కొనేయకూడదు. పిస్టల్ సీరియల్ నంబరు చెప్పి, దీనికి ఏ మ్యాగజైన్ అని అడగాలి. ఆయనకి థాంక్స్ చెప్పి వద్దన్నాను.

రెండోది, వాట్సాప్‌లో వచ్చింది. ఒరిజినలే అంటాడు, బిల్లు లేదంటాడు, కొరియర్‌లో పంపిస్తానంటాడు. పిల్ల నా వైపు చూసింది. ఆ నంబరు బ్లాక్ చేయమన్నాను. బిల్లు లేని మ్యాగజైన్ పనిచేసినా మనకి పనికిరాదు. రేపు తనిఖీలో ఇదెక్కడిదని అడిగితే లైసెన్సుకే ముప్పు, లైసెన్సు పోతే ఆటే పోతుంది.

మూడోది, లైసెన్సున్న డీలరు ద్వారా కంపెనీ సరుకు. ఖరీదెక్కువ, ఆలస్యమెక్కువ. అదే తీసుకున్నాం. పిల్ల తన లైసెన్సు, షూటర్ కాగితాలు ఇచ్చి ఆర్డరు పెట్టింది. వాటితో పాటు విడిగా స్ప్రింగులు కూడా అడిగింది. అవి ఎప్పుడొస్తాయో డీలరు చెప్పలేదు.

ఎన్ని కావాలన్న దాని మీద ఇంట్లో వాదన జరిగింది. పిల్లకి ఆరు కావాలి. నేను మ్యాచ్‌కి మూడు చాలన్నాను. ఒకటి చేతిలో, ఒకటి బల్ల మీద, ఒకటి పెట్టెలో. సిరీస్‌కి ఐదే రౌండ్లు, మ్యాగజైన్‌లో అంతకన్నా పెట్టకూడదు కూడా. కాబట్టి ఎక్కువ మ్యాగజైన్లుంటే వచ్చే లాభం లేదు. ప్రతిదాన్నీ పరీక్షించాలి, ప్రతిదానికీ రౌండ్లు ఖర్చవుతాయి. పరీక్షించని ఆరింటికన్నా పరీక్షించిన మూడు మేలు. రెండు కొత్తవి ఆర్డరిచ్చాం.

జూన్ చివర

వచ్చాయి. సీలు తీసి నంబర్లు వేశాను: 3, 4.

కొత్తది కాబట్టి మంచిదని ఊరుకోలేదు, 1 నంబరుని ఏం చేశానో వీటినీ అదే చేశాను. వెనక అతుకు మీద వేలుగోరు నడిపితే 3 నున్నగా ఉంది. 4కి లోపలివైపు అతుకు చివర చిన్న ముక్కు పొడుచుకొచ్చి ఉంది. లైటు వేసి చూస్తే గానీ కనపడలేదు. ఫాలోవర్ కిందికి దిగేటప్పుడు సరిగ్గా అక్కడ తడబడుతోంది. కాటా మీద స్ప్రింగ్ బలం బాగానే ఉంది, లిప్స్ కొలతలు 1 నంబరుతో సరిపోయాయి. ఆ ఒక్క ముక్కే. ఆకురాయితో రెండు తోపుళ్ళు తోస్తే పోతుంది. కానీ గీత పడిన సరుకుని డీలరు వెనక్కి తీసుకోడు. ఫొటోలు, వీడియో పంపి మార్చమని అడిగాం. కొంచెం నసిగి ఒప్పుకున్నాడు. మార్చి పంపినదానికి కూడా 4 అనే వేశాను. దీనికి ఏ లోపమూ లేదు.

తరవాత డమ్మీలు. మందు లేని, మసాలా లేని డమ్మీ రౌండ్లు ఐదు నింపి, బోల్ట్‌ని చేత్తో లాగి వదలాలి. లాగాక వేళ్ళతో బోల్ట్‌కి తోడు వెళ్ళకూడదు, దాని స్ప్రింగ్‌కే వదిలేయాలి. ఆఖరిది వెళ్ళాక ఫాలోవర్ బోల్ట్‌ని వెనకే ఆపాలి. 1, 3, 4 మూడూ పాస్. 2 నంబరు ఆరుసార్లకోసారి బోల్ట్‌ని ఆపలేకపోతోంది.

డమ్మీల విషయంలో నా నియమం ఒకటే. డమ్మీలతో ఫెయిలైన మ్యాగజైన్ ఫెయిలైనట్టే. పాసైనంత మాత్రాన పాసైనట్టు కాదు. పేలినప్పుడు బోల్ట్ వెనక్కి వెళ్ళే వేగం, పిస్టల్ అదురు చేత్తో లాగినప్పుడు రావు. అసలు పరీక్ష రేంజ్‌లోనే.

జూలై నుంచి సెప్టెంబరు

ఇక్కడే మన దేశంలో షూటర్‌కి అసలు కష్టం. బయటి దేశాల వాళ్ళు చెప్పే సలహా ఏమిటంటే, ఒక్కో మ్యాగజైన్‌తో వందల రౌండ్లు కొట్టి చూసుకో అని. మనకి రౌండ్లు లైసెన్సు మీద రాసిన లెక్క ప్రకారమే, మ్యాచ్ రకం రౌండ్లు చాలావరకు దిగుమతి సరుకే. మ్యాగజైన్ పరీక్ష కోసమని విడిగా రౌండ్లు తగలేస్తే ప్రాక్టీసుకి కరువొస్తుంది. కాబట్టి విడిగా పరీక్ష పెట్టుకోలేదు. పిల్ల హైదరాబాద్‌లో ప్రాక్టీసు క్యాంపుకి వెళ్ళినప్పుడల్లా ఆ ప్రాక్టీసులోనే పరీక్ష కలిపేశాం. సిరీస్ సిరీస్‌కీ మ్యాగజైన్ మారుతుంది: 1, 3, 4, మళ్ళీ 1. ప్రతి సిరీస్ తరవాత పుస్తకంలో ఒక టిక్కు. ఒక్క రౌండు కూడా అదనంగా ఖర్చు కాలేదు.

ఎన్ని టిక్కులైతే నమ్మొచ్చు? దీనికి లెక్కల్లో ఒక సులువైన సూత్రం ఉంది. ఒక్క తప్పు కూడా లేకుండా ఎన్ని సార్లు జరిగిందో, ఆ సంఖ్యతో మూడుని భాగిస్తే, తప్పు జరిగే అవకాశానికి పై హద్దు సుమారుగా వస్తుంది. 50 రౌండ్లు ఆగకుండా వెళ్ళాయంటే, వందకి ఆరు జామ్‌ల దాకా ఉండే అవకాశాన్ని ఇంకా కొట్టేయలేం. 300 వెళితే వందకి ఒకటి. ఇది చూశాక పిల్ల ముఖం మారింది. "అయితే 50 కొట్టి బాగుందనుకోవడం ఉత్తిదేనా మావయ్యా?" ఉత్తిది కాదు, 50లో ఒక్కటి ఆగినా దాన్ని పక్కన పెట్టేయడానికి ఆ 50 చాలు. మంచిదని చెప్పడానికి చాలవు. కాబట్టి 50 దాటితే ప్రాక్టీసు పెట్టెలోకి, 300 దాటితే మ్యాచ్ పెట్టెలోకి అని గీత గీసుకున్నాం.

ర్యాపిడ్ టైమింగ్‌తో కూడా కొట్టించాను. ప్రెసిషన్‌లో చెయ్యి నిలకడగా ఉంటుంది. ర్యాపిడ్‌లో కింది నుంచి లేచి ఆగిన వెంటనే షాట్ పడుతుంది, పట్టు బిగువు షాట్‌కీ షాట్‌కీ మారుతుంది. పట్టు వదులైతే బోల్ట్ వెనక్కి పూర్తిగా వెళ్ళదు. అది మ్యాగజైన్ తప్పులా కనిపిస్తుంది గానీ కాదు. ఆగస్టులో 3 నంబరుతో ఒకసారి ఆగింది. బొమ్మ చూస్తే పేలిన కేసు పూర్తిగా బయటికి రాలేదు, కొత్త రౌండు సరైన చోటే ఉంది. అంటే మ్యాగజైన్ తన పని చేసింది. చాంబర్ దగ్గర మైనం గడ్డకట్టి ఉందని ఆ సాయంత్రం తుడిచినప్పుడు తెలిసింది. బొమ్మ గీయకపోయి ఉంటే నిక్షేపంలాంటి మ్యాగజైన్‌కి ఎర్ర టేపు పడేది.

రౌండ్లు మారిస్తే లెక్క మళ్ళీ మొదలవుతుంది, ఇదీ పిల్లకి ముందే చెప్పాను. ఒక రకం రౌండుతో చక్కగా నడిచిన పిస్టల్ ఇంకో రకంతో మొండికేయొచ్చు. మ్యాచ్‌లో ఏ రౌండు వాడుతుందో దాంతోనే ఈ 300.

అక్టోబరు, సిరిమాను దాటాక

పైడితల్లమ్మ పండగ వారం ఇల్లంతా చుట్టాలు. పిల్ల బీరువా తాళం తీయలేదు. తరవాత తుపాను వాన. సముద్రం మాకు ఎంతో దూరం కాదు, ఈ రోజుల్లో గాలిలోనే తడి ఉంటుంది. మ్యాగజైన్ ఒళ్ళు ఉక్కు రేకు. బయట మెరుగు బాగానే ఉంటుంది, తుప్పు మొదలయ్యేది లోపల, స్ప్రింగ్ చివర అడుగు ప్లేటుకి ఆనే చోట.

తుప్పు భయంతో నూనె పోసేయకూడదు. తడి నూనెకి మైనం మసి అంటుకుని మార్చిలో 2 నంబరులో చూసిన జిడ్డే మళ్ళీ తయారవుతుంది. నూనె గుడ్డతో ఒకసారి తుడిచి, పొడి గుడ్డతో ఆ నూనెని కూడా తుడిచేయాలి. వేలు పెడితే జారినట్టుండాలి, తడి అంటకూడదు. మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో, సిలికా జెల్ పొట్లాలతో, విడివిడిగా గుడ్డలో చుట్టి పెట్టాను. వాడని రోజుల్లో మ్యాగజైన్లు ఖాళీగానే ఉంటాయి. నింపి ఉంచితే స్ప్రింగ్ చచ్చిపోతుందని చాలామంది అంటారు. మంచి స్ప్రింగ్‌ని ఎక్కువగా అరగదీసేది మాటిమాటికీ నొక్కుకుని సాగడమే. మాకు ఖాళీగా ఉంచడం భద్రత కోసం.

ఈ నెలాఖరుకి పుస్తకం ఇలా ఉంది. 1 నంబరు 300 దాటింది, ఒక్క జామ్ లేదు. 3 నంబరు కూడా దాటింది, ఆగస్టులో ఆగిన ఒక్కటీ చాంబర్ ఖాతాలో రాశాం. 4 నంబరు ఆలస్యంగా వచ్చింది కాబట్టి ఇంకా 200 దగ్గర ఉంది, ఇప్పటిదాకా శుభ్రం. స్టేట్ మ్యాచ్‌కి 1 చేతిలోకి, 3 బల్ల మీదికి. 4 పెట్టెలో ఉంటుంది గానీ మిగతా రెండూ చేయివ్వకుండా దాన్ని తీయొద్దన్నాను. పిల్ల ఒప్పుకుంది. ఈ మధ్య తను నన్ను అడగకుండానే సిరీస్ అయిన వెంటనే మ్యాగజైన్‌ని లైటుకి ఎత్తి చూసుకుంటోంది.

డీలరు దగ్గర్నుంచి స్ప్రింగులు బయల్దేరాయని కబురొచ్చింది. అవి వచ్చాక 2 నంబరులో కొత్తది వేసి కాటా మీద పెడతాను. అంచు తేడా ఉంది కాబట్టి అది మ్యాచ్‌కి ఎలాగూ పోదు, డమ్మీ ప్రాక్టీసుకైనా బోల్ట్‌ని సరిగ్గా ఆపితే చాలు. 1 నంబరు స్ప్రింగ్‌ని మాత్రం ఇప్పుడు మార్చను. జనవరిలో మళ్ళీ కాటా మీద నిలబెట్టి మార్చి నెల అంకెలతో పోల్చి చూస్తాను. ఒక్క రౌండు లోతు దగ్గర తగ్గి కనిపిస్తే అప్పుడు మారుస్తాను, మార్చాక టిక్కులు మళ్ళీ ఒకటి నుంచి.